మాట కలపడం కూడా ఒక విద్యే

మూడేళ్ళ క్రితం మన సంఘం దీపావళి వేడుకలో జరిగిన సంగతి. భోజనాల వరుసలో మా అబ్బాయి తన వెనక నిలబడ్డ ఒక పెద్దాయనకు సుడిగాలుల గురించి చెబుతున్నాడు. అప్పటికి వాడికి పదమూడేళ్ళు. సుడిగాలి బలాన్ని ఎలా కొలుస్తారో, ఫుజిటా అనే శాస్త్రవేత్త 1971లో తయారుచేసిన కొలమానాన్ని 2007లో ఎందుకు మార్చారో చెబుతూనే ఉన్నాడు. పెద్దాయన మొదట నవ్వారు. తరువాత తల ఊపారు. ఆ తరువాత పులిహోర వైపు చూశారు. చివరకు "సరే గాని బాబూ, నువ్వు ఏ క్లాసు?" అని అడిగారు. వాడు దానికి జవాబు చెప్పకుండా "నేనింకా పూర్తి చేయలేదు" అన్నాడు.

ముందున్నవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. ఆ రాత్రి ఇంటికి బయలుదేరుతూ కోట్లు తీసుకుంటుంటే ఎవరో అంటున్న మాట నా చెవిన పడింది. "డాక్టరుగారి అబ్బాయేగా? తెలివైనవాడే గాని కాస్త పొగరు. పెంపకం అలా ఉంది మరి."

ఆ మాట అన్నవారి మీద నాకిప్పుడు కోపం లేదు. నిజం చెప్పాలంటే అప్పటికి నేను కూడా మా అబ్బాయి గురించి దాదాపు అలాగే అనుకుంటున్నాను. కాని ఆ తరువాత ఏడాదిన్నర పాటు మేము సంఘం కార్యక్రమాలకు రాలేదు. డ్యూటీ ఉందని ఒకసారి, ఒంట్లో బాగాలేదని ఒకసారి, పాపకు పరీక్ష ఉందని ఒకసారి సాకులు చెప్పాం. ఇప్పుడు కూడా మనలో కొన్ని కుటుంబాలు అలాంటి సాకులు చెప్పి ఇంట్లో ఉండిపోతూ ఉండవచ్చు. ముఖ్యంగా వారికోసం ఈ వ్యాసం రాస్తున్నాను. రాసేముందు మా అబ్బాయి అనుమతి తీసుకున్నాను. వాడు అంతా చదివించుకుని రెండు తప్పులు దిద్దాడు.

కళ్ళ ముందున్నది కనపడలేదు

నేను ఇంటర్నల్ మెడిసిన్ డాక్టర్ని. మావారు కార్ల కంపెనీలో ఇంజనీరు. మా అబ్బాయికి మాటలు తొందరగానే వచ్చాయి. మూడేళ్ళకే మబ్బుల పేర్లన్నీ చెప్పేవాడు. ఇంటికి వచ్చినవాళ్ళు ముచ్చటపడేవారు. నేను మెడికల్ కాలేజీలో చదువుకున్న రోజుల్లో ఆటిజం అంటే మాటలు రాని పిల్లవాడు అనే నా మనసులో ముద్ర పడింది. ఇంత గడగడా మాట్లాడేవాడికి మాట్లాడడంలోనే ఇబ్బంది ఉండవచ్చన్న ఆలోచన నాకు రాలేదు.

సూచనలు లేకపోలేదు. మన చుట్టాలు బయలుదేరుతూ "వెళ్ళొస్తాం బాబూ" అంటే వాడు కిటికీ దగ్గర కూర్చుని ఎదురు చూసేవాడు. "వస్తామన్నారు కదా, ఎన్ని గంటలకు వస్తారు?" అని అడిగేవాడు. "నా తల తినకురా" అంటే బిక్కమొహం వేసేవాడు. అతిథులకు వడ్డించమంటే గారెల పళ్ళెం పట్టుకెళ్ళి, వాళ్ళు మొహమాటానికి "వద్దు బాబూ" అనగానే వెనక్కి తెచ్చేసేవాడు. మన ఇళ్ళలో మొదటి వద్దుకు అర్థం వద్దు కాదని, మూడోసారి అడిగితే తప్ప అసలు సంగతి తేలదని వాడికి ఎవరు చెప్పారు? మనకు మాత్రం ఎవరు చెప్పారు? చూసి నేర్చుకున్నాం. చూసి నేర్చుకోవడం దానంతట అది జరగని పిల్లలు కూడా ఉంటారని నాకు తెలియలేదు.

ఎలిమెంటరీ స్కూల్లో పెద్ద చిక్కు రాలేదు. ఆ వయసులో స్నేహమంటే కలిసి పరుగెత్తడం, కలిసి ఆడడం. పుట్టినరోజు పార్టీకి క్లాసంతటినీ పిలుస్తారు. మిడిల్ స్కూలుకు వచ్చేసరికి స్నేహమంటే మాటలైపోయింది. సగం మాట పైకి అంటారు, మిగిలిన సగం కనుబొమలతో చెబుతారు. ఎగతాళికీ చనువుకీ తేడా ఒక్క గొంతు జీరలో ఉంటుంది. అక్కడ మా అబ్బాయి ఒంటరివాడైపోయాడు. మధ్యాహ్నం లైబ్రరీలో కూర్చుని శాండ్‌విచ్ తింటున్నాడని ఎనిమిది నెలల తరువాత తెలిసింది. అది కూడా వాడు చెప్పలేదు, వాళ్ళ చెల్లి చెప్పింది.

ఆ దీపావళి తరువాత రెండు నెలలకు ఒక సైకాలజిస్టు రెండు రోజులు పరీక్షలు చేసి చెప్పింది. "ఆటిజం స్పెక్ట్రమ్ డిజార్డర్, మొదటి స్థాయి. పదేళ్ళ ముందైతే దీన్ని ఆస్పర్జర్ సిండ్రోమ్ అనేవాళ్ళం."

పేరు వెనక కథ

ఈ పేర్ల గందరగోళం చాలామందికి ఉంది కాబట్టి నాలుగు ముక్కలు చెబుతాను. 1943లో బాల్టిమోర్‌లో లియో కానర్ అనే డాక్టరు, 1944లో వియన్నాలో హాన్స్ ఆస్పర్జర్ అనే పిల్లల డాక్టరు, ఇటువంటి పిల్లల గురించి వేరువేరుగా రాశారు. ఆస్పర్జర్ వర్ణించిన పిల్లలు చక్కగా, పెద్దవాళ్ళలాగా మాట్లాడేవారు, ఒకే విషయం మీద ప్రాణం పెట్టేవారు, తోటివారితో మాత్రం కలవలేకపోయేవారు. ఆయన జర్మన్‌లో రాసినది చాలాకాలం మరుగున పడి ఉంది. 1981లో లండన్‌లో లోర్నా వింగ్ అనే సైకియాట్రిస్టు తన వ్యాసంలో "ఆస్పర్జర్ సిండ్రోమ్" అన్న పేరు వాడిన తరువాతే అది లోకానికి తెలిసింది. ఆమె కూతురికి కూడా ఆటిజం ఉండేది. 1994లో అమెరికన్ సైకియాట్రిస్టుల గ్రంథంలోకి ఆ పేరు ఎక్కింది. 2013లో దాన్ని తీసివేసి, అన్నిటినీ ఆటిజం స్పెక్ట్రమ్ అనే ఒకే గొడుగు కిందికి తెచ్చారు. 2018లో వెలువడిన పరిశోధనలు, నాజీల కాలంలో ఆస్పర్జర్ కొందరు పిల్లలను వియన్నాలోని స్పీగెల్‌గ్రుండ్ అనే చోటికి పంపడంలో భాగస్వామి అయ్యాడని చూపించాయి. అక్కడ వందలమంది పిల్లలను చంపేశారు. అందువల్ల కూడా చాలామంది ఆ పేరు వాడడం మానేశారు. కొందరు అలవాటు కొద్దీ వాడుతూనే ఉన్నారు. మా అబ్బాయి "ఆటిస్టిక్" అన్న మాటే ఇష్టపడతాడు. "దానికి నిర్వచనం సరిగ్గా ఉంది" అంటాడు.

ఇది అరుదైన విషయమని అనుకోకండి. అమెరికా ప్రభుత్వ సంస్థ సి.డి.సి. లెక్కల ప్రకారం 2000లో 150 మంది ఎనిమిదేళ్ళ పిల్లల్లో ఒకరిలో ఆటిజం గుర్తించారు. 2022లో 31 మందిలో ఒకరు. ఈ పెరుగుదలలో చాలా భాగం నిర్వచనం విశాలం కావడం వల్ల, డాక్టర్లూ టీచర్లూ మెరుగ్గా గుర్తించడం వల్ల వచ్చినదే. ఏమైనా, మన వేడుకకు మూడు వందల మంది పిల్లలు వస్తే వారిలో తొమ్మిది, పదిమంది ఇటువంటివారు ఉండవచ్చన్నమాట. ఆడపిల్లల్లో దీన్ని గుర్తించడం ఇంకా ఆలస్యమవుతుంది. చాలామంది పక్కవాళ్ళను చూసి అనుకరిస్తూ నెట్టుకొస్తారు. "సిగ్గరి పిల్ల" అని మనం సరిపెట్టుకుంటాం.

విడమరచి చెప్పడం

మాకు మొదట ఊరట కలిగించిన మాట ఇది. ఇతరులు గాలిలో పీల్చుకున్నట్టు నేర్చుకునే విషయాలను, ఈ పిల్లలకు లెక్కలు నేర్పినట్టు మెట్టుమెట్టుగా నేర్పవచ్చు. "బుద్ధిగా ఉండు", "అందరితో కలువు" అంటే వారికి ఏమీ అర్థం కాదు. కలవడం అంటే మొదట ఏం చేయాలి, రెండోది ఏం చేయాలి అన్నది చెప్పాలి.

మా మిషిగన్‌లోనే జెనిసన్ అనే ఊళ్ళో కారల్ గ్రే అనే టీచరు 1990ల మొదట్లో "సోషల్ స్టోరీలు" అనే పద్ధతి మొదలుపెట్టింది. ఒక సందర్భంలో ఏం జరుగుతుంది, ఎవరు ఎందుకు అలా చేస్తారు, అప్పుడు మనం ఏం చేయవచ్చు అన్నది చిన్న కథలా, పిల్లవాడి వైపు నుంచి రాసి ముందే చదివిస్తారు. టీనేజి పిల్లలకోసం లాస్ ఏంజెలెస్‌లోని యు.సి.ఎల్.ఏ.లో ఎలిజబెత్ లాగెసన్, ఫ్రెడ్ ఫ్రాంకెల్ అనే సైకాలజిస్టులు "పీర్స్" అనే శిక్షణ రూపొందించారు. దాని మీద మొదటి పరిశోధన ఫలితాలు 2009లో వెలువడ్డాయి. తరువాత చాలా దేశాల్లో దాన్ని పరీక్షించి చూశారు. వారానికి గంటన్నర చొప్పున 14 నుంచి 16 వారాలు నడుస్తుంది. విశేషమేమిటంటే పిల్లలకు ఒక గదిలో క్లాసు జరుగుతుంటే, తల్లిదండ్రులకు పక్క గదిలో క్లాసు. హోంవర్కు ఇద్దరికీ ఉంటుంది. మా ఊళ్ళో అటువంటి క్లాసులో చేరాం. ఇన్నేళ్ళకు నేనూ మావారూ మళ్ళీ నోటుబుక్కులు కొన్నాం.

అక్కడ నేర్చుకున్నవాటిలో మాకు బాగా పనికొచ్చినవి చెబుతాను.

మొదటిది, ఇచ్చిపుచ్చుకోవడం. మాటలంటే ఉపన్యాసం కాదు, ప్రశ్నల పరీక్షా కాదు. ఒకటి అడగాలి, జవాబు వినాలి, దానికి సంబంధించి ఇంకొకటి అడగాలి, తరువాత మన సంగతి ఒకటి చెప్పాలి. మా ఇంట్లో భోజనాల బల్ల దగ్గర ఇది ఆటలా ఆడేవాళ్ళం. ఉప్పుడబ్బా ఎవరి ముందుంటే వాళ్ళ వంతు. రెండు వాక్యాలు చెప్పి డబ్బా పక్కకు జరపాలి. మొదటి వారం మా అబ్బాయి డబ్బా వదలలేదు. నెల తిరిగేసరికి వాళ్ళ చెల్లి దాచుకునేది, వాడే ఫిర్యాదు చేసేవాడు.

రెండోది, గుంపులో చేరడం. నలుగురు మాట్లాడుకుంటున్నచోటికి నేరుగా వెళ్ళి "మీరేం మాట్లాడుతున్నారు?" అనకూడదు. కాస్త దూరంలో నిలబడి వినాలి. విషయం ఏమిటో తెలుసుకోవాలి. అది మనకు తెలిసినదే అయితే దగ్గరికి జరిగి, మాట ఆగిన చోట అదే విషయం మీద ఒక చిన్న మాట అనాలి. వాళ్ళు మనవైపు తిరిగితే ఉండాలి. తిరగకపోతే మెల్లగా పక్కకు రావాలి. అది ఓటమి కాదు, ఎవరికైనా అప్పుడప్పుడు జరిగేదే. ఈ చివరి మాట మా అబ్బాయికి గొప్ప ఉపశమనం ఇచ్చింది. "అందరికీ జరుగుతుందా? నీకూ జరుగుతుందా?" అని రెండుసార్లు అడిగాడు. ఆసుపత్రి కాఫీ రూములో నాకు ఎన్నిసార్లు జరిగిందో చెప్పాను.

మూడోది, తప్పులు దిద్దకపోవడం. ఈ పిల్లలకు నిజమంటే ప్రాణం. పక్కవాడు ఒక తేదీ తప్పు చెబితే ఊరుకోలేరు. ఎదుటివారికి అది అవమానంలా తోస్తుందని వారికి తెలియదు. దీని గురించి మళ్ళీ చెబుతాను.

నాలుగోది, ఎగతాళిని ఎదుర్కోవడం. "పట్టించుకోకు", "టీచరుతో చెప్పు" అని మనం సలహా ఇస్తాం. మాటలతో ఏడిపించేవాళ్ళ దగ్గర అవి పనిచేయవని ఈ శిక్షణలో చెబుతారు. "అయితే ఏంటట?" లాంటి చిన్న మాట విసుగ్గా అనేసి అక్కడినుంచి వెళ్ళిపోవాలి. ఏడిపించినా సరదా రాలేదనిపించాలి. మావారూ వాడూ గరాజ్‌లో ఈ రిహార్సల్ చేసేవారు. చేయిచేసుకునేవాళ్ళ సంగతి మాత్రం వేరు. అప్పుడు పెద్దవాళ్ళకు చెప్పి తీరాలి.

అయిదోది, ఇంటికి పిలవడం. ఒక్కరినే పిలవాలి. రెండు గంటలకు మించకూడదు. ఏం చేస్తారో ముందే అనుకోవాలి. ఏ ఆట ఆడాలన్నది వచ్చినవాడి ఇష్టం. సరిగ్గా జరిగిన రెండు గంటలు మరోసారి పిలుపుకు దారి తీస్తాయి. మొదటిసారి వచ్చిన పిల్లవాడి కోసం నేను గారెలు, సమోసాలు, పాయసం చేసి హడావుడి చేశాను. వాళ్ళిద్దరూ పిజ్జా తిని వీడియో గేము ఆడుకున్నారు. ఎక్కువ మాట్లాడుకోలేదు. వెళుతూ ఆ అబ్బాయి "మళ్ళీ శనివారం?" అన్నాడు. నేను వంటింట్లోకి వెళ్ళి కాసేపు అక్కడే ఉండిపోయాను.

తెలుగు మానేయమన్నారు

వాడు చిన్నప్పుడు మాటలు విచిత్రంగా వాడుతున్నాడని ఒక నిపుణురాలికి చూపిస్తే, రెండు భాషలతో తికమకపడుతున్నాడు, ఇంట్లో ఇంగ్లీషు మాత్రమే మాట్లాడండి అని చెప్పింది. మేము నాలుగేళ్ళు అలాగే చేశాం. అది పొరపాటని తరువాత తెలిసింది. రెండు భాషల మధ్య పెరగడం వల్ల ఆటిజం ఉన్న పిల్లల భాష వెనకబడదని ఇప్పటికే ఎన్నో పరిశోధనలు చూపించాయి. తల్లి తనకు బాగా వచ్చిన భాషలో మాట్లాడితేనే బిడ్డతో ఎక్కువ మాట్లాడుతుంది. మేము తెలుగు మానేసిన నాలుగేళ్ళలో వాడు పోగొట్టుకున్నది తాతయ్య, అమ్మమ్మలతో ఫోనులో మాట్లాడే అవకాశం. మళ్ళీ మొదలుపెట్టడానికి చాలా కష్టపడ్డాం.

ఆశ్చర్యమేమిటంటే, నియమాలంటే ఇష్టపడే పిల్లవాడికి తెలుగు ఒక విధంగా సులువు. ఇంగ్లీషులో మర్యాద ఎక్కడ దాక్కుని ఉంటుందో కనిపెట్టడం కష్టం. మనకు మీరు, నువ్వు అని రెండు మాటలున్నాయి. అత్తయ్య, పిన్ని, బాబాయి, మామయ్య అని ప్రతివారికీ ఒక స్థానం ఉంది. "తెలియనివాళ్ళను మీరు అనాలి" అని ఒక నియమం చెప్పాం. వారం తిరక్కముందే ఒక మూడేళ్ళ పాపను వంగి "మీరు జ్యూస్ తాగుతారా?" అని అడిగాడు. అందరూ నవ్వారు. వాడు కూడా నవ్వాడు. "నియమం సరిగ్గా చెప్పలేదు నువ్వు" అన్నాడు నాతో. నిజమే. వయసు సంగతి చెప్పడం మరచిపోయాను.

"వెళ్ళొస్తాం", "తల తినకు" లాంటివన్నీ ఇప్పుడు ఒక పుస్తకంలో రాసుకుంటున్నాడు. ఒకవైపు మాట, రెండోవైపు అసలు అర్థం. మూడు వందలు దాటాయి. మనం రోజూ ఇన్ని అనని మాటలు అంటున్నామా అని నాకే వింతగా ఉంటుంది.

మేము చేసిన తప్పు

ఇదంతా చదివి, పిల్లవాడిని మిగతావాళ్ళలా తయారుచేయడమే లక్ష్యమని అనుకోవద్దు. మొదటి ఏడాది మేము ఆ తప్పు చేశాం. "కళ్ళలోకి చూసి మాట్లాడు", "చేతులు ఊపకు" అని నిమిషానికోసారి అనేవాళ్ళం. వాడు విన్నాడు. స్కూల్లో రోజంతా నటించి, ఇంటికి వచ్చి గది తలుపు వేసుకుని రాత్రి దాకా బయటకు వచ్చేవాడు కాదు. ఒకరోజు అడిగితే "కళ్ళు చూడాలా, మాట వినాలా? రెండూ ఒకేసారి నావల్ల కాదు" అన్నాడు. ఇలా నటిస్తూ బతకడం మనిషిని లోపల అలసిపోయేలా చేస్తుంది. ఈ పిల్లల్లో ఆందోళన, దిగులు ఎక్కువగా కనిపించడానికి అదీ ఒక కారణం. నిద్ర, తిండి తగ్గినా, స్కూలుకు వెళ్ళనని మొండికేసినా, బతకాలని లేదన్నట్టు మాట్లాడినా వయసు కోపమని సరిపెట్టుకోకుండా వెంటనే డాక్టరుకు చూపించండి. డాక్టరుగా కాదు, ఆలస్యం చేసిన తల్లిగా చెబుతున్నాను.

ఇంకొక సంగతి కూడా నా కళ్ళు తెరిపించింది. డేమియన్ మిల్టన్ అనే బ్రిటిష్ సామాజికశాస్త్రవేత్త తానే ఆటిస్టిక్. అర్థం చేసుకోలేకపోవడం ఒకవైపు లోపం కాదు, రెండువైపులా ఉన్న లోపం అని ఆయన 2012లో వాదించాడు. 2020లో ఎడిన్‌బరోలో పరిశోధకులు, ఒకరి చెవిలో చెప్పిన కథ ఇంకొకరికి, వారినుంచి మరొకరికి చెప్పుకుంటూ పోతే చివరకు ఎంత మిగులుతుందో చూశారు. అందరూ ఆటిజం ఉన్నవాళ్ళే అయిన వరుసలో కథ ఎంత చక్కగా నిలిచిందో, అందరూ లేనివాళ్ళే అయిన వరుసలోనూ అంతే నిలిచింది. కథ ఎక్కువగా చెదిరింది ఇద్దరూ కలిసిన వరుసలో. అంటే మా అబ్బాయికి మాట్లాడడం రాదనడం సరికాదు. మనకూ వాడికీ మధ్య వంతెన లేదు. అది రెండు ఒడ్డుల నుంచీ కట్టాలి.

స్కూలు నుంచి సాయం పొందడం మన హక్కని కూడా చాలామందికి తెలియదు. ఈ దేశంలో ప్రత్యేక విద్యా చట్టంలో 1990 నుంచీ ఆటిజం పేరు స్పష్టంగా ఉంది. మార్కులు బాగా వస్తున్నాయి కాబట్టి అవసరం లేదని స్కూలు వారు అనవచ్చు. మాకూ అలాగే అన్నారు. చదువంటే మార్కులే కాదు, తోటివారితో మెలగడం కూడా అని రాతపూర్వకంగా అడిగితే పరీక్షలు చేశారు. ఇప్పుడు వాడి ఐ.ఇ.పి.లో స్పీచ్ థెరపిస్టుతో వారానికోసారి సంభాషణ సాధన ఉంది.

తాతయ్య, ఉప్పెన

మా నాన్నగారిది దివిసీమ. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన సంగతి మనలో పెద్దవాళ్ళకు చెప్పనక్కరలేదు. దాదాపు పదివేలమంది పోయారు. అప్పటికి నేనింకా పుట్టలేదు. నాన్నగారికి ఇరవై ఏడేళ్ళు. ఆయన ఒక బడి డాబా మీద రాత్రంతా గడిపి బతికారు. ఆయన చెల్లెలు, అంటే నేను చూడని మా మేనత్త, దక్కలేదు.

నాలుగేళ్ళ క్రితం ఆయన ఇక్కడికి వచ్చినప్పుడు, మనవడికి వాతావరణమంటే ఇష్టమని తెలిసి, ఆ రాత్రి కథ చెప్పబోయారు. "తాడిచెట్టంత ఎత్తున నీళ్ళు వచ్చాయిరా నాన్నా" అన్నారు. మా అబ్బాయి వెంటనే "తాడిచెట్టు ఇరవై మీటర్లు ఉంటుంది. ఆ తుఫానులో కెరటం ఆరు మీటర్లు మించలేదు. నువ్వు చెప్పింది తప్పు" అన్నాడు. నాన్నగారు ఆగిపోయారు. మళ్ళీ ఆ విషయం ఎత్తలేదు. నేను వాడిని గట్టిగా కేకలేశాను. వాడు ఏడుస్తూ "నేను చెప్పింది కరెక్టే" అన్నాడు. కరెక్టే. అదే చిక్కు.

పోయిన వేసవిలో ఆయన మళ్ళీ వచ్చారు. వాడికి పదహారేళ్ళు. ఒక సాయంత్రం మబ్బు పట్టింది. ఇద్దరూ వెనక డెక్ మీద కూర్చున్నారు. నేను వంటింట్లో ఉన్నాను, కిటికీ తెరిచి ఉంది. వాడు "తాతయ్యా, ఆ ఉప్పెన రాత్రి మీరు ఎక్కడున్నారు?" అని అడిగాడు. నాన్నగారు చాలాసేపు మాట్లాడలేదు. మామూలుగా అయితే వాడు అక్కడ గాలి వేగం చెప్పేవాడు. చెప్పలేదు. అడిగిన తరువాత ఆగాలని నేర్చుకున్నాడు. ఆగాడు.

నాన్నగారు చెప్పారు. బడి డాబా, చీకటి, గాలి హోరు, తెల్లారి చూసిన పొలాలు. చెల్లెలు అత్తవారింట్లో ఉందని, అక్కడికి నడిచి వెళ్ళడానికి రెండు రోజులు పట్టిందని. వాడు మధ్యలో ఒకే ప్రశ్న అడిగాడు. "ఆవిడ పేరేమిటి?" నాన్నగారు చెప్పారు. మా అమెరికా ఇంట్లో ఆ పేరు వినిపించడం అదే మొదటిసారి. నలభై ఏడేళ్ళు నిండిన నేను, డాక్టర్ని, రోజూ రోగులను ప్రశ్నలు అడిగేదాన్ని, మా నాన్నను ఆ ఒక్క ప్రశ్న ఏనాడూ అడగలేదు.

ఆ రాత్రి పడుకునేముందు వాడు నా దగ్గరికి వచ్చి, "తాడిచెట్టంత ఎత్తని మళ్ళీ అన్నారు. నేనేమీ అనలేదు చూశావా?" అన్నాడు. చూశానన్నాను. "కాని ఆరు మీటర్లే" అన్నాడు. అవును, ఆరు మీటర్లే.

మనం చేయగలిగినవి

సంఘం కుటుంబాలకు నా మనవి పెద్దదేమీ కాదు. ఒక పిల్లవాడు మీ మొహం చూడకుండా మాట్లాడితే పొగరనుకోకండి. బుగ్గ గిల్లకండి, బలవంతంగా దగ్గరికి లాక్కోకండి. "ఏ కాలేజీ?" అని కాకుండా "నీకేమిటి ఇష్టం?" అని అడగండి. వాడు ఆగకుండా చెబుతుంటే, "చాలా బాగుంది, ఇప్పుడు నేను భోజనానికి వెళ్ళాలి" అని సూటిగా చెప్పండి. వారు నొచ్చుకోరు. గడియారం వైపు చూడడం, ఆవలించడం వారికి అర్థం కాదు. సూటి మాట అర్థమవుతుంది. వేడుకల్లో స్పీకర్ల హోరుకు దూరంగా ఒక చిన్న గది తెరిచి ఉంచమని కార్యవర్గాన్ని కోరాను, ఒప్పుకున్నారు. పసిపిల్లల తల్లులకూ, పెద్దవారికీ కూడా అది పనికొస్తుంది. ఈ పిల్లలకు చేయడానికి ఒక పని ఇవ్వండి. ఊరికే తిరగడం కష్టం గాని, పని ఉంటే మాట దానంతట అదే వస్తుంది.

మీ పిల్లల్లో ఇటువంటి లక్షణాలు కనిపిస్తే దాచకండి. పెళ్ళి సంబంధాలకు అడ్డమని, నలుగురూ ఏమంటారోనని భయపడితే, పోయే కాలమంతా పిల్లవాడిదే. ఏ సందేహమున్నా వేడుకల్లో నన్ను పలకరించండి. డాక్టరుగా కాకుండా, రెండేళ్ళు ముందు ఆ దారిలో నడిచిన అమ్మగా మాట్లాడతాను.

పోయిన ఆగస్టులో మన పిక్నిక్‌కు వెళ్ళాం. వాడికి వానను కనిపెట్టే పని ఇచ్చారు. ఫోనులో రాడారు చూసి మూడూ ఇరవైకి వాన పడుతుందని చెప్పాడు. భోజనాలు షెల్టరు కిందికి మార్చారు. మూడున్నర దాకా చినుకు పడలేదు. ఒక అబ్బాయి వచ్చి "ఏం బ్రో, వానేదీ?" అన్నాడు నవ్వుతూ. అది ఎగతాళా, చనువా అని వాడు ఒక్క క్షణం ఆలోచించడం నాకు దూరం నుంచి కనిపించింది. తరువాత "ట్రాఫిక్‌లో ఉంది" అన్నాడు. ఇద్దరూ నవ్వారు. మూడూ నలభైకి వాన పడింది.

అందరికీ ఉగాది శుభాకాంక్షలు. ఈసారి భోజనాల వరుసలో మా అబ్బాయి మీ ముందు నిలబడితే, మబ్బుల గురించి ఒక్కమాట అడగండి. తరువాత మిమ్మల్ని కూడా వాడు ఒకటి అడుగుతాడు. జవాబు చెప్పండి. వింటాడు.